రత్తన్ బజార్లో ఏడంగుళాలు

మోకాళ్ళ డాక్టరు నేల మీద కూర్చోవద్దన్నాడు.
అంటే కత్తిపీట వద్దన్నట్టే.
ఆయనకా సంగతి తెలీదు,
మాత్రలు రాసి బెల్లు నొక్కాడు.

ముప్పై ఏళ్ళు కుడికాలితో పీట తొక్కిపట్టి
వంకాయని దాని దగ్గరికి నేనే తీసుకెళ్ళాను.
అది కదిలేది కాదు.
పెద్దముత్తయిదువలా తలెత్తుకుని కూర్చునేది,
కూరలే వచ్చి దాని ముందు వంగేవి.
ఇప్పుడు నిలబడి కోయాలట.
కూర ఆగాలట, కత్తి నడవాలట.
యాభై ఆరేళ్ళకి చేతికి నడక నేర్పాలి.

నిన్న సాలిగ్రామంలో గుంపు గొంతులు చెప్పిన డబ్బులు
కవర్లో పన్నెండు వందలు.
ఎవడో కత్తి దూస్తే సంతలో జనం కకావికలు,
అందులో నాలుగు కేకలు నావి.
తెర మీది కత్తుల్ని చూసి అరిచి అరిచి బతికినదాన్ని,
కొట్లో కత్తి ఎలా అడగాలో తెలీక
పారిస్ కార్నర్లో బస్సు దిగి
కాసేపు చెరుకురసం తాగాను.

అదృష్టం, తమిళంలోనూ దాన్ని కత్తే అంటారు.

జమాలుద్దీన్ భాయ్ చేతికివ్వలేదు.
అద్దాల బల్ల మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
మా అమ్మమ్మా అంతే,
కత్తీ ఉప్పూ చేతికిస్తే తగువనేది.
బేరానికి ముందే సగం మెత్తబడ్డాను.

మూడు వేల రెండు వందలది, ఒంటి నిండా అలల చారలు,
దాంతో కోస్తే బెండకాయలకే సిగ్గు.
నూట నలభైది, ప్లాస్టిక్ పిడి, లోపల తోక బొటనవేలంతే.
"గుమ్మడికాయ మీద పెడితే
పిడి మీ చేతిలో, కత్తి దాని కడుపులో" అన్నాడు.
నల్ల ఇనుముది బ్రహ్మాండంగా తెగుతుంది,
తడి తుడవకపోతే తెల్లారేసరికి తుప్పు.
సముద్రం నుంచి మా వంటింటి దాకా ఉప్పు గాలే,
దానికి కాపలా కాసే ఓపిక నాకు లేదు.

పట్టుకోవాల్సింది పిడిని కాదట, మెడని,
బొటనవేలూ చూపుడువేలూ కలిపి
నస్యం పట్టినట్టు.
పదంగుళాలది నా చేతిలో తెడ్డు.
అయిదంగుళాలది పిల్లల పెన్సిల్ చెక్కేది.
ఏడు. ఏడు సరిపోయింది.
ఏడంగుళాలవే మూడున్నాయి.

అప్పుడు నాకొచ్చిన విద్యే వాడాను.
చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటాను.
మొదటిది జలుబు చేసిన గొంతు.
రెండోది అవసరానికి మించి సాగదీసింది,
కొత్తగా మైకు ముందుకొచ్చిన పిల్లలా.
మూడోది ణిం అని,
చెప్పాల్సింది చెప్పి ఊరుకుంది.
"ఇది" అన్నాను.
"పుచ్చకాయని కొట్టి చూసేవాళ్ళని చూశాను గానీ..."
భాయ్ మాట నవ్వులో పడిపోయింది.

నాలుగు వందల యాభై చెప్పి మూడు వందల ఎనభైకి దిగాడు.
కత్తి ఇంకా దేన్నీ కోయకముందే బేరం తెగింది.
మొద్దుబారితే పింగాణీ కప్పు అడుగున రాయమన్నాడు,
మరీ మొండికేస్తే సానకి తెమ్మన్నాడు.

ఇంట్లో, నిలబడి, మొదటి ఉల్లిపాయ.
మొన చెక్కకి ఆనించి మడమ ఎత్తి దించడం.
ఒక ముక్క లావు, ఒక ముక్క కాగితం.
మూడో ఉల్లిపాయకి ఎడమ చూపుడువేలి గోరు లేచింది.
ఆశ్చర్యం, కేక రాలేదు.
"అబ్బ" అని మాత్రం,
ఏ మైకుకీ అందనంత చిన్నగా.

రేపు కొబ్బరి పచ్చడి.
కత్తిపీట గోడకి చేరగిలి నన్నే చూస్తోంది,
తల మీద కోరుపళ్ళతో.
స్టూలెక్కిస్తే అందుతుందేమో,
కొలిచి చూడాలి.